ఎర్రబడే పట్టీ

ఈరోజు మా ఇంట్లో ఉన్నది నాన్న, శేషగిరి బాబాయి, కోటయ్య మావయ్య, వంటింట్లో అమ్మ, పేకాటలో నేను. అందరి చేతులకీ మనసు బయటపెట్టే పట్టీలు వచ్చాక ఆట చప్పబడిపోయింది. మంచి ముక్కలు పడితే సంతోషానికి పట్టీ పచ్చగా వెలుగుతుంది, మిగతావాళ్లు ఆట వదిలేస్తారు. నా పట్టీ మాత్రం ఏ ముక్కలు పడ్డా, నలుగురిలో కూర్చుంటే చాలు, భయంతో ఎర్రబడుతుంది. అందుకే నాన్న తన బదులు నన్ను కూర్చోబెట్టాడు. పందెం డబ్బు కాదు, చేలకి పెట్టే నీళ్ల వంతులు; ఎండుతున్న మా మిరప చేనుకి మూడు తడుల నీళ్లు గెలవాలి.

నాకు మూడు ఆసులు పడ్డాయి. పట్టీ ఎర్రగానే ఉంది.

"ఒక తడి," అన్నాను మెల్లగా.

"వణికిపోతోందిరా పిచ్చిపిల్ల! నాదీ ఒక తడి," అని మావయ్య నవ్వాడు. బాబాయి కూడా ఒక తడి ఒడ్డాడు.

ముక్కలు చూపించాను. వాళ్ల రెండు తడులూ మా సొంతమయ్యాయి.

"నా బంగారు తల్లే!" అని నాన్న అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆయన నన్నెప్పుడూ అలా అనలేదు.

తర్వాతి ఆటలో మూడు రాజులు పడ్డాయి. పట్టీ పచ్చగా వెలిగింది. బాబాయి, మావయ్య వెంటనే ముక్కలు పడేశారు.

"దీనికి భయం పోయింది. ఇక పనికిరాదు," అని నాన్న నన్ను వంటింట్లోకి పంపి తలుపు వేసేశాడు.