గుర్రాల మందు

“వీణ్ణి చావనిచ్చావో, పక్క మంచం నీదే డాక్టరమ్మా,” అన్నాడు ముఠా నాయకుడు బల్దొమేరో, తుపాకీ గొట్టంతో పరదా పక్కకి తోస్తూ.

బల్ల మీద ఫెర్మీన్ తొడలో తూటాతో నెత్తురోడుతున్నాడు. ఆ తూటా బల్దొమేరోదే. పొద్దున మొక్కజొన్న చేలో ఒకణ్ణి కాల్చి చంపాడు. చూసింది ఒక్కతే, చచ్చినవాడి పన్నెండేళ్ల కూతురు ఇత్సెల్. ఆ పిల్లని ఎక్కడో దాచి వస్తూ ఫెర్మీన్ దొరికిపోయాడు.

“సాయంత్రానికి సైన్యం లారీలు దిగుతాయి. ఈలోగా ఆ పిల్ల నోరు మూయించాలి. పోయినేడు నా కడుపు కోసినప్పుడు పెట్టిన మత్తే వీడికీ పెట్టు. రెండింతలు పెట్టు.”

డాక్టర్ ఒబ్దూలియా చెయ్యి ఆగిపోయింది. “అంతెందుకు డోన్?”

“నువ్వే చెప్పావుగా! కోసినంతసేపూ హాయి, దిగాక నరాలన్నీ పగబట్టినట్టు లేస్తాయని. దుప్పటి తగిలితే కత్తి దిగినట్టుండేది నాకు. మూడు రోజులు అమ్మా అని ఏడ్చాను. వీడికీ చూపించు ఆ రుచి. వేలు పెడితే చాలు, కక్కుతాడు.”

“ఏటా గుడ్ ఫ్రైడేకి క్రీస్తు వేషం కట్టి తొంభై కిలోల శిలువ గుట్ట మీదికి మోసేవాడు. నొప్పికి లొంగుతాడా?”

“అందుకే ఈ మందు. శిలువ మీద వాణ్ణి చూసి నేనూ ఏడ్చాను. ఇవాళ వాడేడవాలి.”

ఆమె ఇంకో సూది నింపింది.

“అదేంటి?”

“రక్తపోటు పడిపోకుండా. లేదంటే బల్ల మీదే పోతాడు.”

అబద్ధం. అది గుర్రాలకిచ్చే మత్తు. బల్దొమేరో ఏడుపు విన్నాకే నేర్చుకుంది, ముందే అది కాస్త పడితే నరాలు తర్వాత అంతగా రెచ్చిపోవని. కానీ సీసా అడుగున మిగిలింది ఏపాటి? సరిపోనీ తల్లీ, అని మరియమ్మకి మొక్కుకుంది.

తూటా తీసి కుట్లేసింది. మత్తు ఆపిన కాసేపటికి ఫెర్మీన్ మూలిగాడు. బల్దొమేరో కుట్ల మీద ఒక్క వేలు ఆనించాడు.

గావుకేక! కిటికీ అద్దాలు అదిరాయి. వీధి కుక్కలు మొరిగాయి. ఒబ్దూలియా చేతిలో పళ్లెం జారి పడింది. సరిపోలేదు. ఆ కాస్తా సరిపోలేదు.

“ఇంకా నొక్కనా?” బొటనవేలు గుచ్చాడు. కుట్టు తెగి నెత్తురు చిమ్మింది.

“వద్దు! అమ్మోయ్! చెప్తా... కొండ మీద... పాత కోత మిల్లు... రంపపు పొట్టు కింద...”

“ఎక్కండ్రా బండి! రెండు గంటల దారి. వచ్చాక వీడి పని పడదాం.”

బళ్ల చప్పుడు కొండ మలుపులో సన్నగిల్లింది. ఒబ్దూలియా కుట్లసూదికి మళ్లీ దారం ఎక్కించింది.

“పసిదాన్ని పట్టించేశావు కదరా! తప్పు నాదేలే, మందు చాల్లేదు.”

ఫెర్మీన్ ఒక కన్ను తెరిచాడు.

“శిలువ మీద ఇంతకన్నా బాగా అరుస్తాను డాక్టరమ్మా.”