తెనాలికి సరిపడా బజ్జీలు

పెట్రోలు బంకులు మూతబడ్డాక ఊరంతా వాడిన వంటనూనెనే ఇంట్లో శుభ్రం చేసుకుని బండ్లలో పోసుకుంటోంది. బసవయ్య స్కూటరు మాత్రం మూణ్ణెల్లుగా కదల్లేదు. ఆయన గుండెకు వేపుళ్లు పడవని డాక్టరు చెప్పినప్పటి నుంచి భార్య శేషారత్నం పొయ్యి మీద నూనె మూకుడు పెడితే ఒట్టు.

ఆ పొద్దున తెనాలి నుంచి ఫోనొచ్చింది. కూతురికి ఆడపిల్ల పుట్టింది.

"ఏవండీ, ఇప్పుడెట్టా పోదాం?"

"పచ్చినూనెతో బండి నడవదుగా. మిరపకాయ బజ్జీలెయ్యి," అన్నాడు బసవయ్య నవ్వాపుకుంటూ.

వేసింది. వేసినవి వీధిలో పంచేసి, మూకుట్లో నూనె వడపోత యంత్రంలో పోసింది. బసవయ్య మొహం వాడిపోయింది.

దారంతా పొగగొట్టం బజ్జీల వాసన కొడుతుంటే ఆయనకు ప్రాణం లాగేసింది. రైలుగేటు దగ్గర బండి ఆగగానే, వెనకసీటు నుంచి ఓ చెయ్యి వచ్చి నోటికి బజ్జీ అందించింది.

"తాతయ్యారుగా," అంది శేషారత్నం. "ఒక్కటే!"