మునిగిన ఊళ్లో ఆట

శివలీల తాను సొంతంగా అల్లిన మాయాలోకపు ఆటను స్నేహితుల చేత ఆడించడం అది రెండో ఆదివారం. కర్నూలులోని వాళ్లింటి మిద్దె మీద, తలా ఒక వీరుడి పాత్ర తీసుకున్న ఆ నలుగురూ ఆటలో నది అడుగున మునిగిన నగరానికి చేరారు.

"వీధులన్నీ ఖాళీ. నీళ్లొచ్చే ముందే జనమంతా వెళ్లిపోయారు" అని చెప్పింది శివలీల.

"అందరూ పోలేదు" అన్నాడు మెట్ల తలుపు దగ్గర నిలబడి వింటున్న తండ్రి మహానంది. "మా చెల్లెలు ఆడనే ఉండాది."

ఆయన చిన్నప్పటి ఊరు ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణలో మునిగిందని శివలీలకు తెలుసు. తనకొక మేనత్త ఉండేదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మహానంది వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నాడు. "నన్నూ చేర్చుకో పాపా. నేను పోయి పిల్చుకొని వస్తా. పాచిక ఎంత పడాల?"

"పదికి పైన పడాల నాయనా."

ఇరవై ముఖాల పాచిక వేశాడు. రెండు పడింది. శివలీల గబుక్కున దాన్ని అరచేత్తో మూసేసింది.

"దొరికింది నాయనా. అందరితో పాటు బయటికొచ్చేసింది."

మహానంది ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"ఊరు ఖాళీ చేసిన దినం చెల్లెలు యాడని మా అమ్మ అడిగితే నేనూ ఇట్లే చెప్పినా పాపా. యాడుందో చూడకుండానే, ముందు పోయిన లారీ ఎక్కేసిందని."