సర్వర్ లేవకూడదు

"అక్కా, ఆ సర్వర్ లేవకూడదు. అది లేచిందంటే నేను పడతాను!"

ప్రోగ్రామరు చెవిలో చెప్పేసరికి పక్క కుర్చీలోని టెస్టింగ్ అక్క తెల్లబోయింది. సర్వర్ పొద్దుటినుంచీ పడుకునే ఉంది. అది పడుకున్నా సరే, ఆఫీసు యాప్‌లో రాసిన మెసేజ్ ఫోన్లోనే కాచుకుని ఉండి, సర్వర్ లేవగానే గ్రూపులో అందరికీ చేరిపోతుంది. నెల్లాళ్లు తిండీ నిద్రా మాని ఆ ఏర్పాటు చేసింది ఇతగాడే. ఇవాళ దానికి పరీక్ష. కంపెనీ ఓనరు మేడం స్వయంగా వచ్చి, తన ఫోనుతో సహా అందరి ఫోన్లూ బల్లమీద వరసగా పెట్టించింది.

"ఏం రాశావురా?"

"కోపంలో గ్రూపులో పెట్టేశానక్కా. 'మన మేనేజరు కన్నా ఆయన కుర్చీ నయం, అదైనా తిరుగుతుంది' అని. సర్వర్ లేదు కదా, ఎవరు చూస్తార్లే అనుకున్నా."

"నువ్వు చేసిన యాప్ సంగతి నువ్వే మర్చిపోయావా? సరే, చెరిపెయ్."

"చెరిపే బటనే పెట్టలేదక్కా. ఒక్క ముక్క కూడా చెరగడానికి వీల్లేదని మేనేజరు ఆర్డరు!"

అక్కకి నవ్వాగలేదు. వాడికి మాత్రం ముచ్చెమటలు పడుతున్నాయి పాపం. మెసేజ్ వెళ్తే మేనేజరు ఉద్యోగం పీకేస్తాడు. వెళ్లకపోతే యాప్ పనిచెయ్యలేదని మేడమే పీకేస్తుంది.

"ఇంకెంతసేపయ్యా?" అడిగింది మేడం.

"అయిపోయింది మేడం," అన్నాడు సర్వర్ బాగుచేసేవాడు, అది ఉన్న గాజు గదిలోంచి.

గోడమీది పెద్ద తెరపై చక్రం గిర్రున తిరిగింది. 'ఆగి ఉన్న మెసేజీలు పద్నాలుగు. పంపుతున్నాం...' ప్రోగ్రామరు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

టప్పుమని శబ్దం.

కళ్లు తెరిచి చూస్తే గాజు గదిలో మేనేజరు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. చేతిలో సర్వర్ ప్లగ్గు.

"వైరు... కాస్త వేడెక్కినట్టుంది మేడం," నసిగాడు.

తెరమీద యాప్ ఓదార్పు మాట వచ్చింది: 'కంగారు పడకండి. మీ మెసేజీలన్నీ భద్రంగా ఉన్నాయి. సర్వర్ రాగానే పంపిస్తాం.'

ఇక అందరికీ మూడిందనుకుని అంతా బిక్కుబిక్కుమంటూ మేడం వైపు తిరిగారు.

మేడం బల్లమీది తన ఫోను వంక ఓసారి చూసుకుని, గుండెమీద చెయ్యేసుకుని కుర్చీలో కూలబడింది. "హమ్మయ్య!"