ఎర్ర లేబులు గొంతు

ఆదివారం పొద్దున్న బలరాం రికార్డు ప్లేయరు మూత తీస్తే చాలు, వంటింట్లో భార్య తులసమ్మ గిన్నెలు మోగేవి.

పన్నెండేళ్లుగా అదే పాట. జ్ఞానప్రసూన అనే పిల్ల పాడిన ఊడుపుల పాట. వారమంతా ఉక్కు కర్మాగారంలో రోలింగు మిల్లు మోతలో నలిగి వచ్చే మనిషి, ఆ గొంతు వినగానే కళ్లు మూసుకునేవాడు. పక్కన టీ పెట్టినా తెరిచేవాడు కాదు. తులసమ్మకి ఒళ్లు మండేది. తనకి జుట్టు నెరిసింది. ఆ పిల్లకి ఇంకా పదిహేడే.

పోనీ ఒక్క రికార్డా? స్వరఝరి కంపెనీ లేబులు మార్చినప్పుడల్లా వచ్చిన అదే పాటని వెతికి వెతికి కొన్నాడు. మొదటిది ఎర్ర కాగితం. దానిమీద బంగారు నెమలి, కింద జ్ఞానప్రసూన అని నిండు పేరు. తర్వాత నీలం కాగితం వచ్చింది. నెమలి పోయి ఈక మిగిలింది, పేరు తెగి 'ప్రసూన' అయింది. చివరికి తెల్ల కాగితం. ఈకా లేదు, పేరూ లేదు. 'జానపద గీతం', అంతే. ఆ పేరు అలా అరిగిపోవడం చూస్తే తులసమ్మకి లోలోపల చల్లగా ఉండేది.

ఒకసారి నీలం రికార్డు మీద వేడి పెనం పెట్టింది. అది అప్పడంలా వంకర తిరిగింది. బలరాం పల్లెత్తు మాట అనలేదు. సైకిలెక్కి సుపేలా బజారులో పాత సామాన్ల కొట్లన్నీ మూడు వారాలు గాలించి ఇంకోటి తెచ్చాడు. తిట్టినా బాగుండేది.

"పాట మీద ఏటమ్మా ఈ ఉడుకుమోత్తనం?" అంది పక్కింటి జోగమ్మ. తులసమ్మ ముఖం తిప్పేసుకుంది.

తొంభై అయిదు చలికాలంలో, పక్క ఊరు దుర్గ్ నుంచి సురేంద్రనాథ్ అనే ఆయన, కార్మికుల బస్తీ క్యాంప్ 2లోని బలరాం ఇంటికి వచ్చాడు. స్వరఝరి కంపెనీ చరిత్ర రాస్తున్నాడట. లేబులు చూసి రికార్డు ఏ ఏడాదిదో చెప్పేయగలడు. మూడింటినీ కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. కంపెనీ మూతబడిందనీ, కాగితాలు చెదల పాలయ్యాయనీ, నెమలి బొమ్మ లేబులు ఇంకెక్కడా దొరకలేదనీ చెప్పాడు.

"ఇంత గొంతున్న మనిషి తర్వాత ఒక్క పాటా పాడలేదు. ఎవరు బాబాయ్ గారూ ఈవిడ?"

బలరాం తల దించుకున్నాడు. "అది నేను చెప్పీది కాదు బాబూ."

ఇక లాభం లేదని సురేంద్రనాథ్ నోటుపుస్తకం తెరిచాడు. "సరే, గాయని వివరాలు తెలియవు అని రాసేస్తాను."

గుమ్మంలో నిలబడ్డ తులసమ్మ ఇన్నేళ్లూ కోరుకున్నది అదే. ఆ ఒక్క ముక్కతో ఆ పిల్ల ఆనవాలు లేకుండా పోతుంది. కానీ కలం కాగితాన్ని తాకేసరికి ఆమె కాలు నిలవలేదు. గబగబా వచ్చి అతని చేతిలోంచి కలం లాక్కుంది.

గొంతులో పుండుకి ఆపరేషనై పన్నెండేళ్ల కిందటే మాట పోగొట్టుకున్న తులసమ్మ, ఆ పుస్తకంలో వంకరటింకర అక్షరాలతో రాసింది: "ఆ పేరు కంపెనీవాళ్లు పెట్టింది, గొంతు నాది."