పికప్‌కు ఏ ఇంజిన్?

జూన్ 12. పొద్దున్నే మొదటి వింత: నాన్న షూటింగ్ నుంచి ఇల్లు చేరినా పొయ్యి మీద టీ లేదు.

"దొంగ లెక్క సప్పుడు గాకుండ వస్తివేంది?" అంటూ అమ్మ ఉలిక్కిపడింది.

సినిమాలకు కిరాయికిచ్చే మా పాత పికప్ ట్రక్కు ఫిల్మ్ నగర్‌లోనే ఆగిపోయింది. నాన్న ఆటోలో వచ్చాడు. బండికి వేరే ఇంజిన్ వెయ్యాల్సిందే.

మధ్యాహ్నం నాన్నా నేనూ టోలిచౌకిలో ఒక షాపులో రెండు ఇంజిన్లు చూశాం. కొత్తది పిల్లిలా మెత్తగా నడుస్తుంది, డీజిల్ తక్కువ తాగుతుంది. పాతది మోగితే వీధి మొత్తం అదురుతుంది. నాన్న చెయ్యి పాతదాని మీదే ఉంది.

"కొత్తదే తీస్కో నాన్నా. గంత సప్పుడుంటే షూటింగ్‌ల మాటలెట్ల రికార్డు చేస్తరు?"

"పిచ్చి బిడ్డా, కెమెరా ముందు ఇంజిన్ బంద్ ఉంటది. ఎనక నుంచి నలుగురు తోస్తరు. సప్పుడు తర్వాత కలుపుతరు."

"మరి ఎవరి కోసం గీ సప్పుడు?"

నాన్న షాపాయన వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "మలుపు కాడ నా బండి మోగితేనే మీ అమ్మ పాలు పొయ్యి మీద పెడ్తది."

పాత ఇంజిన్‌నే రాత్రికల్లా బిగిస్తారట. రేపు పొద్దున్నే నాన్న బండి తేవడానికి వెళ్తాడు. నేను వెంట వెళ్లను. వంటింట్లో కూర్చుని అమ్మ ముఖం చూస్తాను.