ఆవిడ చెప్పిన సినిమా

"కాస్త నోరు మూసుకుంటారా? కబుర్లు చెప్పుకోవడానికి మీకు ఇల్లు లేదా?"

దర్జీ వెనక్కి తిరిగి గట్టిగానే అన్నాడు. గ్రంథాలయం హాల్లో అందరికీ ఉచితంగా వేస్తున్న పాత సినిమా అది. భాష పరాయిది. మాటలకు అర్థం తెర అడుగున అక్షరాల్లో పడుతోంది. మొగుణ్ణి మట్టుపెట్టాలని చూసే పెళ్లాం, ఎన్ని ఎత్తులేసినా చావని మొగుడు. జనం పగలబడి నవ్వుతున్నారు. కానీ మొదలైనప్పటి నుంచీ వెనక వరసలో ఒకావిడ గుసగుస ఆగితే ఒట్టు.

ఇప్పుడు ఆగింది. నలుగురూ తిరిగి ఆవిడవైపు చూశారు. బాగా గడ్డిపెట్టాననుకున్నాడు దర్జీ.

విశ్రాంతికి లైట్లు వెలిగాయి. దర్జీ వెనక్కి చూశాడు. నల్లకళ్లద్దాల పెద్దాయన, మోకాళ్ల మధ్య తెల్లకర్ర. పక్కనే ఆయన భార్య, బడిలో దెబ్బలు తిన్న పిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పాపం, ఆయనకు కథ చెబుతోందండీ ఆవిడ," అంది దర్జీ భార్య పళ్లబిగువున. "మీ నోరు పడ!"

దర్జీకి తల కొట్టేసినట్టయింది. లేచి వాళ్ల దగ్గరికి వెళ్లాడు.

"తప్పయిపోయిందమ్మా. తెలీక అన్నాను. చెప్పండి, ఎంత గట్టిగానైనా చెప్పండి."

"పర్లేదు నాయనా, నలుగురి మధ్యా మాట్లాడటం మాదే తప్పు," అంటూ ఆవిడ మంచినీళ్లకని లేచింది. ఆ మెత్తటి మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఆవిడ రాకముందే లైట్లు ఆరిపోయాయి. పెద్దాయన తెరవైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. చేసిన తప్పు కొంతైనా దిద్దుకుందామని దర్జీ ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"నేను చెబుతానండీ. పెళ్లాం మళ్లీ విషం సీసా తీసింది. పాలల్లో కలుపుతోంది."

"విషమా?" పెద్దాయన ఇటు తిరిగాడు. "తేనె అని చెప్పిందే మా ఆవిడ! మొగుడికి దగ్గు, పూటపూటా పాలల్లో తేనె కలిపిస్తోందని..."

దర్జీ నాలిక కరుచుకున్నాడు. మొగుణ్ణి చంపే పెళ్లాం కథ కట్టుకున్నవాడి చెవిన వేయలేక, ఆ మహాతల్లి కథనే మార్చేసిందన్నమాట. దాన్ని కూడా తనే పాడుచేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు!

"తేనేనండీ, తేనే. నేనే పొరపాటుగా చదివాను," అన్నాడు.

పెద్దాయన తల ఊపి, మళ్లీ తెరవైపు చెవి ఒగ్గాడు.

ఆవిడ కుర్చీల వీపులు పట్టుకుంటూ వచ్చింది. దర్జీ లేచి తన చోటికి పోయాడు. ఆ తర్వాత సినిమా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తెరమీద, మొగుడు ఎక్కబోయే నిచ్చెన మెట్లను పెళ్లాం రంపంతో కోస్తోంది. వెనకనుంచి సన్నటి గొంతు: "మొగుడికి ఉయ్యాలబల్ల చేస్తోందండీ." హాలంతా ఘొల్లున నవ్వింది. దర్జీకి మాత్రం కళ్లు చెమర్చాయి. ఇంత మనసున్న మనిషినా నలుగురిలో నోరు మూసుకోమన్నాడు తను!

సినిమా అయిపోయింది. జనం లేస్తున్నారు. ఆవిడ వంగి కుర్చీ కింద సంచీ కోసం తడుముకుంటోంది. దర్జీ చేతులు జోడించి, "అమ్మా, ఇందాక మీరు లేనప్పుడు..." అని మొదలుపెట్టాడు.

పెద్దాయన చటుక్కున అతని చెయ్యి దొరకబుచ్చుకుని దగ్గరికి లాగాడు. చెవిలో గొణిగాడు.

"విషం మాట ఎత్తకు బాబూ. మా ఆవిడకూ చూపు ఆనడం లేదని నాకు తెలిసిపోయిన సంగతి ఆవిడకు తెలీదు."